పదకొండు నెలలకో రోజు

అధ్యక్షస్థానంలో ఓపిగ్గా కూర్చున్న ఉపకులపతిగారికీ, నాకంటే ముందు ఈ విభాగాన్ని నడిపి ఇప్పుడు ముందు వరసలో నిశ్చింతగా కూర్చున్న పెద్దలకూ, తోటి అధ్యాపకులకూ, విద్యార్థులకూ, మూడో వరసలో అప్పుడే కళ్లు మూసుకున్న మా ఆయనకూ నమస్కారం. (నవ్వులు) ఆయన్ని లేపకండి. ముప్పై నాలుగేళ్లుగా నా ఉపన్యాసాలన్నీ ఇంట్లో ముందుగా విన్నది ఆయనే, ఆ నిద్ర ఆయన కష్టార్జితం.

ఇవాళ నా పదవీ విరమణ కదా అని ఇందాకటి నుంచి మాట్లాడినవాళ్లంతా నన్ను ఆకాశానికెత్తేశారు. కాదనను. తొమ్మిదిమంది పిల్లలతో మొదలైన శ్రమ అర్థశాస్త్రం క్లాసుకు ఇవాళ రెండు గదులు చాలడం లేదంటే అందులో నా గొంతు పాలు చాలా ఉంది. వినయం నటించడం నాకు చేతకాదు, ఈ వయసులో నేర్చుకునే ఉద్దేశమూ లేదు.

మా అమ్మ నూలు మిల్లులో దారం చుట్టేది. నాకు ఉద్యోగం వచ్చిందంటే ఏం పని అని అడిగింది. పనివాళ్ల గురించి పాఠాలు చెప్పడం అన్నాను. కాసేపు ఆలోచించి, “అంటే పని వాళ్లదీ, జీతం నీదీనా?” అంది. (నవ్వులు) ఆవిడకు జవాబు చెప్పాలనే కాబోలు, మొదటి రోజు క్లాసులో ఎప్పుడూ పుస్తకం తెరవలేదు. షిఫ్టు మారే వేళకు పిల్లల్ని మిల్లు గేటు దగ్గరకు పంపేదాన్ని, బయటికొచ్చే మనిషిని ఇవాళ ఎన్నిసార్లు కూర్చున్నారో అడిగి రమ్మని. అదిగో, ఆ కిటికీ పక్కన కూర్చున్న రిజిస్ట్రారుగారు ఆ రోజుల్లో నా విద్యార్థే. గేటు కాపలావాణ్ని మూడు గంటలు ప్రశ్నలడిగి, పాపం అతడి చేత మేనేజరు దగ్గర చీవాట్లు తినిపించి వచ్చారు. (నవ్వులు) అలా వచ్చిన పిల్లలే ఇవాళ కార్మిక శాఖల్లో, సంఘాల్లో, కోర్టుల్లో ఉన్నారు. నాకు గర్వంగా ఉంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఉపకులపతిగారు గడియారం చూసుకుంటున్నారు, చూసుకోనివ్వండి.

మా విభాగం తాళాలు ఇరవై రెండేళ్లుగా ఒకావిడ దగ్గరే ఉన్నాయి. పిల్లలు తాళాలమ్మ అంటారు. ఆవిడ అసలు పేరు చాలామందికి తెలియదు, ఆవిడకూ ఈ పేరే ఇష్టం. ఇప్పుడు తలుపు దగ్గర నిలబడి, ఇటు చూడొద్దని నాకు సైగ చేస్తోంది. చూస్తానమ్మా, ఇవాళ నన్ను ఆపేవాళ్లు ఎవరూ లేరు.

ఆవిడ తాత్కాలిక ఉద్యోగి. పన్నెండు నెలలు తెగకుండా పనిచేస్తే ఉద్యోగం ఖాయం చేయాలని నిబంధన ఉంది కాబట్టి, మన కార్యాలయం ఆవిడకు పదకొండు నెలలకే ఉత్తర్వు ఇస్తుంది. ఆ తర్వాత ఒక్క రోజు విరామం, మర్నాడు కొత్త ఉత్తర్వు. ఆ ఒక్క రోజు ఆవిడ పనిలో లేదని విభాగాధిపతి సంతకం పెట్టాలి. నేను అధిపతినైన మొదటి ఏడాది ఆ రోజు పొద్దున వచ్చేసరికి తలుపు తాళం వేసుంది, పరీక్ష పేపర్లు లోపల ఉన్నాయి. ఫోన్ చేశాను. తడి జుట్టుతోనే పరుగున వచ్చి తాళం తీసింది, ఎలాగూ వచ్చాను కదా అని సాయంత్రం దాకా ఉండిపోయింది. పోయేముందు ఆవిడే ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది, ఆవిడే కలం అందించింది. ఆవిడ ఆ రోజు రాలేదని, ఆవిడ ఎదురుగానే సంతకం పెట్టాను. మరుసటేడూ అంతే. అలా తొమ్మిదిసార్లు.



ఆ తొమ్మిదేళ్లలోనే, మిల్లుల్లో ఇలాంటి దొంగ విరామాలు ఎలా ఇస్తారో లెక్కలతో సహా పుస్తకం రాశాను. బహుమతి వచ్చింది, ఆ ఫొటో ఇందాక తెర మీద చూశారు. ఆ పుస్తకం కాపీలు కట్టలు కట్టి పోస్టుకు పంపింది తాళాలమ్మే. కట్టేముందు చదివిందట. ఓ మధ్యాహ్నం టీ గ్లాసు నా బల్ల మీద పెట్టి, “మేడమ్, మిల్లు వాళ్ల సంగతి బాగా రాశారు. మనం చేసేది ఏ పేజీలో ఉంది?” అని అడిగింది.

ఎత్తిపొడుపు కాదు. నిజంగా వెతుక్కుని, దొరక్క అడిగింది. నేను చూద్దాంలే అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను కానీ, అన్న మాట మాత్రం చూద్దాంలే. అలా రెండేళ్లు గడిచాయి.

ఉద్యోగం ఖాయం చేయమని ఆవిడ పెట్టుకున్న అర్జీని పోయిన నెల తిరస్కరించారు. కారణం, నేను సంతకం పెట్టిన ఆ తొమ్మిది కాగితాలు. ఆవిడ సర్వీసు ఇంకో నాలుగేళ్లే. ఒక్క విరామం అబద్ధమని తేలినా చాలు, పన్నెండు నెలలు నిండినట్టే. తేల్చాల్సిన మనిషిని నేనే. ఆఫీసు సూపరింటెండెంటుగారు, నా మంచి కోరే మనిషి, తొందరపడొద్దన్నారు, తప్పుడు సంతకం చేశానని రాసిస్తే విచారణ పడుతుంది, మీ పింఛను ఫైలు ఆగుతుంది అన్నారు. ఆగితే ఆగనివ్వండి సార్. మా ఆయన జీతం తెస్తున్నారు, నిద్రపోతున్నా సరే. (నవ్వులు)

అధ్యక్షా, ఇదిగో నా వాంగ్మూలం. దీంతో పాటు తాళాల పుస్తకాలు కూడా తెచ్చాను. విభాగం తలుపు తీసినప్పుడూ, మూసినప్పుడూ అందులో వేళ వేసి సంతకం చేస్తారు, కింద అధిపతి సంతకం ఉంటుంది. ఆ తొమ్మిది తేదీల్లోనూ పొద్దున తలుపు తీసింది, సాయంత్రం మూసింది ఆవిడే. అంటే ఒకే తేదీన నా సంతకాలు రెండున్నాయి, ఒకటి ఆవిడ వచ్చిందని, ఇంకొకటి రాలేదని. అర్థశాస్త్రంలో ఇంత పరిశోధన చేసిన మనిషికి ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని తోచలేదు చూడండి. తీసుకోండి. ముట్టినట్టు ఇక్కడ సంతకం పెట్టండి, ఇంతమంది చూస్తుండగానే పెట్టండి. (ఉపకులపతి సంతకం చేస్తారు. చప్పట్లు) సంతోషం.

రేపు నా కుర్చీలో కూర్చోబోయే అబ్బాయి రెండో వరసలో ఉన్నాడు, నా విద్యార్థే. నాన్నా, రేపు తాళాలమ్మకు విరామం రోజు. కాగితం నీ బల్ల మీద ఇప్పటికే పెట్టారు, మధ్యాహ్నం నేను చూశాను. ఆవిడ వద్దన్నా వస్తుంది, గది తీస్తుంది, కలం కూడా తనే అందిస్తుంది. అందుకోకు. నేను తొమ్మిదిసార్లు చేయలేని పని అదొక్కటే, నువ్వు మొదటి రోజే చెయ్యి.

ఇంత పెద్ద సభ చేసినందుకు, నా నోటికి అడ్డుపడనందుకు అందరికీ కృతజ్ఞతలు. తాళాలమ్మా, నన్ను క్షమించమని అడుగుతున్నాను, ఇందరి ముందు. సెలవు.