జమ్మి మాను మీద పడ్డ దెబ్బలు

నా అసలు పేరు మీ గుమాస్తాగారు కార్డు చూసి రాసుకున్నారు. ఊళ్ళో ఆ పేరుతో పిలిస్తే నేనే పలకను. అందరూ నన్ను చిన్నోడు అంటారు. వయసు నలభై ఒకటి. బావులు తవ్వడం నా పని. ప్రస్తుతం ప్రభుత్వాసుపత్రి మగవాళ్ళ వార్డులో, కిటికీ పక్క మంచం మీద ఉన్నాను. కుడి చెయ్యి, తుంటి విరిగాయి. మా ఆవిడ ఒప్పుకోదు గాని తల బాగానే ఉంది. మేజిస్ట్రేటుగారూ, మీరు అడిగినవాటికి తెలివితోనే జవాబిస్తున్నాను.

మా వదిన నన్ను కర్రతో కొట్టి పడేసిందని మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, ఫిర్యాదు ఇచ్చాడు. నిన్నటి నుంచి వదిన స్టేషన్లో ఉంది. ఆవిడ నన్ను కొట్టలేదు. ముందు ఇది రాసుకోండి సార్, మిగతాది నిదానంగా చెబుతాను.

నేను నిక్కర్లు వేసుకునే వయసులో వదిన మా ఇంటికి కోడలుగా వచ్చింది. అన్నయ్య పోయాక పొలం పంచుకున్నాం. గట్టు దగ్గర మాటా మాటా పెరిగి ఇద్దరికీ మాటలు లేకుండా పోయాయి. ఇది నాలుగో ఏడు. గట్టు మీది జమ్మి చెట్టును మాత్రం పంచుకోలేదు. ఎలా పంచుతాం? మా ఇసుక నేలలో, వాన మొహం చూడని ఏడు కూడా, ఎండాకాలంలో చిగురు వేసేది అదొక్కటే. నీళ్ళ కోసం నేను ఎంత లోతుకు దిగినా దాని వేరు నాకంటే ముందే అక్కడ ఉంటుంది. ఆకు ఆవిడ మేకలకు, లేత కాయలు మా ఇంట్లో కూరకు. ముళ్ళ కంప ఇద్దరి దొడ్లకూ కంచె. కట్టె చెరిసగం. పిల్లలకు దగ్గు వస్తే రెండిళ్ళలోనూ దాని బెరడే కాచేవాళ్ళం.

చలికాలంలో మేత కోసం కొమ్మలు కొడతాం. చెట్టు మోడులా కనిపించినా మళ్ళీ చిగురిస్తుంది. ఒకరు పైన, ఒకరు కింద ఉండాలి. కొమ్మ ఎటు పడుతుందో కింద ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. మాటలు లేవు కనక వదిన కర్రతో మానును కొట్టేది. ఒక దెబ్బ అయితే నరుకు, రెండైతే ఆగు. నోరున్న మనుషులకు ఇదేం చోద్యమని ఊళ్ళోవాళ్ళు నవ్వేవాళ్ళు.

నిన్న పొద్దున్న ఎనిమిదింటికి ఎక్కాను. కాసేపటికి రెండు దెబ్బలు వినిపించాయి. ఆగాను. మళ్ళీ రెండు. ఆగే ఉన్నాను కదా, ఇంకేం ఆగాలని నాకు ఒళ్ళు మండింది. ఆవిడ ఆపకుండా బాదుతూనే ఉంది. నేను నిలబడ్డ కొమ్మ మొదట్లో పురుగు తొలిచి పగులు విచ్చిందట. అది ఆవిడకు కనబడింది, నాకు కనబడలేదు. దిగు అని చెప్పడానికి మాకు దెబ్బ లేదు సార్. ఆగమంటోంది కదా అని నేను అదే కొమ్మ మీద రెండు కాళ్ళూ ఊని పంతంగా నిలబడ్డాను.

అప్పుడు అరిచింది. "చిన్నోడా, దిగరా! కొమ్మ విరుగుతోందిరా!"

నాలుగేళ్ళ తర్వాత ఆ గొంతు. దిగాల్సింది పోయి, కిందికి ఆవిడ మొహంలోకి చూస్తూ ఉండిపోయాను. అంతలో కొమ్మ విరిగింది.

నుదురు చిట్లి కళ్ళల్లోకి రక్తం కారింది. వదిన కొంగు చింపి కట్టింది. "కళ్ళు మూయకురా, నా వైపే చూడు," అంటూనే ఉంది. తర్వాత తిట్టింది. "మొండి వెధవా, అంత బాదుతుంటే వినపడలేదా?"

"ఆగమన్నావు కదా వదినా, ఆగాను," అన్నాను. అప్పుడు ఏడ్చింది.

మా బావమరిది దారిన వస్తూ ఆవిడ కర్ర ఎత్తడం చూశాడు, తర్వాత చేతులకు రక్తం చూశాడు. మంచివాడే, కాని సగం చూసి మిగతా సగం తనే అల్లుకుంటాడు. మా ఆవిడ మాత్రం తమ్ముడి మాట పట్టించుకోకుండా, నిన్న సాయంత్రమే వదిన మేకలను మా దొడ్లోకి తోలుకొచ్చింది.

స్టేషన్లో అడిగితే వదిన "వాడు నా వల్లే పడ్డాడు" అందని, అది నేరం ఒప్పుకున్నట్టేనని మీరన్నారు. ముందే నోరు విప్పి ఉంటే నేను దిగేవాణ్ణని ఆవిడ బాధ. ఆ లెక్కన నోరు మూసుకున్నది నేను కూడా. ఆవిడను ఇవాళే వదిలిపెట్టండి సార్. కుదరదంటే నా మీద కూడా కేసు రాసి, ఈ మంచంతో సహా అక్కడికే పంపండి. మేమిద్దరం మాట్లాడుకోవలసింది చాలా ఉంది.

రాసినది చదివి వినిపించారు, విన్నాను. అంతా నిజం, నా నోటితో నేను చెప్పిందే. సంతకం పెట్టే చెయ్యి కట్టులో ఉంది కనక ఎడమ చేతి బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

(వేలిముద్ర)