సముద్రం మీదనించి వచ్చిన నీలం

మరియమ్మ మగ్గం ముందు కూర్చునుంది. అప్పటికింకా ఆమె ఎవరికీ మాత కాదు, వడ్రంగి యోసేపు పెళ్ళాం, అంతే. తలనిండా గొర్రెబొచ్చు నూగు, వేళ్ళకి కాయలు. ఊరు నజరేతు. ఊరంటే ఏమంత ఊరనుకునేవు, మన నేతపేటలో సగముండదు. వాళ్ళు యూదులు. యూదుల ఇళ్ళల్లో శనివారం పొయ్యి రాజెయ్యరంట, ద్వారబంధానికి దేవుడి మాట రాసిపెట్టుకుంటారంట, పంది మాంసం గాలి కూడా సోకనియ్యరంట, మగబిడ్డకి ఎనిమిదో నాడు సున్నతి చేస్తారంట. ఏందే ఆరోగ్యమ్మా, నోరు తెరిచావు? ఏసుప్రభువుకి కూడానా అంటావా, ఆయనకీ ఎనిమిదో నాడే. అయితే సాయిబా తాతా అంటది చూడండయ్యా ఈ పిల్ల. సాయిబు కాదే, యూదుడు. మరి మనలాగా కిరస్తానం కాదా? ఓసి పిచ్చిదానా, కిరస్తానం ఆయన్నించి గదా వచ్చింది, ఆయన పుట్టేనాటికి మన గుడెక్కడిది, మన గంటెక్కడిది. ఆ తల్లి మొక్కిందీ, ఆ తండ్రి మొక్కిందీ యూదుల మొక్కే. అది తెలీకపోతే ఈ కథ సగం చెవిలోనే ఆగిపోద్ది.

వాళ్ళకొక కట్టుబాటుంది. మగాడు కప్పుకునే దుప్పటికి నాలుగు మూలలా కుచ్చులుండాలి, కుచ్చుకుచ్చులో ఒక నీలం పోగుండాలి. ఆ పోగు కంటబడినప్పుడల్లా దేవుడి ఆజ్ఞ గుర్తుకు రావాలి. మోషే కాలంనాటి మాట అది. ఏ నీలం పడితే ఆ నీలం పనికిరాదు, సముద్రంలో ఒక నత్త ఉంటదంట, దాని కడుపులోంచి తీసిన రంగే కావాలి. నత్తెంత, దాని కడుపెంత, అందులో రంగెంత. రాజులే బతిమాలి కొనుక్కునే సరుకు. మరియమ్మ పెద్ద కొడుక్కి పన్నెండో ఏడు. తెల్లారితే ఊరు ఊరంతా పస్కా పండక్కి యెరూషలేం గుడికి నడిచిపోతన్నారు. బిడ్డ పెద్దోళ్ళ వరసలో దేవుడి ముందు నిలబడబోతున్నాడు. దుప్పటికి ఉన్ని తనే వడికింది, తనే నేసింది, ఉన్నిలో నారపోగు కలిస్తే వాళ్ళకి తప్పు, ఒక్కటి కలవనిస్తే ఒట్టు. ఇహ నీలం పోగొక్కటే తరవాయి. ఎన్ని చోట్ల అడిగినా దొరకలా.

ఇదిగో, ఇక్కడ దిగాడు మా పోలయ్య. పోలయ్యెవరంటావా? మా ముత్తాతకి ముత్తాత, ఆ పైన ఇంకో పాతికమందిని వేసుకో. మోటుపల్లి రేవులో నీలిమందు వండి నూలుకీ ఉన్నికీ రంగేసేవాడు. అట్టాంటిట్టాంటి అద్దకపోడు కాదు. సముద్రం ముందు తెల్లగా పాలలాగా ఉండేదంట, మావాడు ఒకనాడు పని ముగించి చేతులు కడుక్కున్నాడు, అప్పట్నించీ ఇట్టా ఉంది. నవ్వమాక జోజీ, మీ తాతలెవరన్నా కడుక్కున్నారా? ఓడలో ఎంత సరుకేశాడంటే ఓడ ఒకసారి మునిగి, మళ్ళీ మావాడి మొహం చూసి సిగ్గుపడి తేలిందంట. అట్టా పోయి పోయి అవతల ఒడ్డున దిగాడు. అక్కడి వర్తకులు వాణ్ణి పక్కకి పిలిచి, ఏమయ్యా, యూదుల పల్లెలకి పోతే ఇది సముద్రం నీలమని చెప్పు, నీదీ నత్తదీ పక్కపక్కన పెడితే దేవుడు తప్ప ఎవడూ పోల్చలేడు అన్నారంట. అది మనసులో పెట్టుకుని గాడిద మీద సరుకేసుకుని, నీలమమ్మా నీలం అని కేకేసుకుంటా నజరేతు వీధిలోకొచ్చాడు. ఆ గాడిద కూడా అప్పటికి నీలంగానే ఉంది.

ఏమైందంటే, మరియమ్మ తోడికోడలు సలోమి ఆ కేక విని పరిగెత్తి మావాణ్ణి చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చింది. పోలయ్య నీలమేసిన ఉన్ని పోగుల చుట్ట, అదే చిలప, తీసి గుమ్మంలో ఎండకి పట్టాడు. ఇల్లంతా ఆకాశమైపోయిందనుకో. సలోమి తన మొగుడి దుప్పటి పట్టుకొచ్చి పాత కుచ్చు పక్కన పెట్టి చూసింది. గోరంత తేడా లేదు. ఇంకేందమ్మా, నీ బిడ్డ అదృష్టం, తీసుకో అంది. పోలయ్యేమో, తల్లీ, బూడిదనీళ్ళలో ఉడకెయ్యి, ఏడాది ఎండలో పడెయ్యి, నీ మనమలు కట్టుకుని చింపాలిగాని రంగు మాత్రం పోదు, ఇదుగో నా చేతులు చూడు, పుట్టినకాణ్ణించీ తోముతున్నా అని మోచేతులదాకా చూపించాడు. మరియమ్మ చిలప ముట్టుకోలా. అయ్యా, ఇది యాడనించి వచ్చింది అని అడిగింది.

మావాడు తడుముకోలా. సముద్రంనించి వచ్చిందమ్మా అన్నాడు. అబద్ధమా? కాదు. ఓడలో కాకపోతే ఎగిరొచ్చిందా? ఆమె వాడి మొహంలోకి చూసి, మెల్లిగా, సముద్రంనించా అయ్యా, సముద్రం మీదనించా అంది.

అయిపోయింది. రాజుల ముందు మాట జారని పోలయ్య, మొసలికి కితకితలు పెట్టి నవ్వించిన పోలయ్య, ఆ 'మీద' అనే రెండక్షరాల కాడ బోర్లాపడ్డాడు. సలోమికి ఒళ్ళు మండి, ఎందుకే నీకీ ఆరాలు, పూజారులు కూడా పోల్చలేరు, రేపు ఆ జనంలో అందరి పిల్లలూ నీలంతో ఉంటే నీ కొడుకు బోసి కుచ్చులతో నిలబడాల్నా, వడ్రంగోడి బిడ్డకి పోగు కొనే గతి లేదనరా అని దులిపేసింది. మరియమ్మ ఏమందో తెలుసా? అక్కా, వాడు దాన్ని చూసి దేవుడి మాట గుర్తుచేసుకోవాలి. అబద్ధాన్ని చూసి నిజాన్ని గుర్తుచేసుకోరా అని నా బిడ్డకి నేనెట్టా చెప్పను అంది. పోలయ్య తలొంచుకుని, చెట్టుదమ్మా, మా ఊరి నీలిచెట్టుది అన్నాడు. ఊరికే ఇస్తా ఉంచుకో అంటే వద్దంది. అంతలో యోసేపు చేతి రంపం గోడకానించి లోపలికొచ్చి, సంగతి విని, తెల్లవి కట్టవే, నీలం దొరకనోడికి తెలుపు చాలని పెద్దలు చెప్పలా అన్నాడు. తెల్లవంటే తెల్లవే.

కుచ్చు పేనాలంటే ఒకరు కొస పట్టుకోవాలి గదా. సలోమి అలిగి అటు తిరిగి కూర్చుంది. మరియమ్మ పోలయ్య వంక తిరిగి, అయ్యా, ఈ కొస పట్టుకో అంది. మావాడు రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. అమ్మా, నా చేతులు నీలం అన్నాడు. పోని రంగని నువ్వే గదా అన్నావు, పోనిది అంటుకుంటదా అంది ఆ తల్లి. ఇక్కడొక మాట చెవినెయ్యండి. నీలి ఎంత గొప్పదైనా చెమట పడితే కాస్త వదులుద్ది. అది మావాడికి తెలుసు, ఎవరికీ చెప్పలా. ఇప్పుడు అరచేతుల్లో చెమట. పట్టుకున్నదేమో పాలలాంటి పోగు, తెల్లారితే దేవుడి ముందుకి పోయే పోగు. ఆమె ఒక ముడేసి పెదాలు కదిపింది, ఇంకో ముడేసి పెదాలు కదిపింది, మూల తర్వాత మూల. పోలయ్య కళ్ళు మూసుకుని, నీ దేవుడెవరోగాని తల్లీ, నన్నీ పూట గట్టెక్కించమను అని లోపల్లోపల మొత్తుకున్నాడంట. ఆఖరి ముడి పడినాక కళ్ళు తెరిచాడు. ఒక్క మచ్చ లేదు. లోకమంతా నీలంలో ముంచినోడు, ఆ తెలుపు చూడలేక అక్కడే మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

ఆ బిడ్డే పెద్దయినాక జబ్బు మనిషొకామె జనంలో వెనకనించి వచ్చి ఆయన చెంగు ముట్టుకుంటే నయమైంది గదా, ఆ చెంగుకున్నది ఈ కుచ్చులేనని నేనంటాను. దుప్పటి మారినా కుచ్చులు విప్పి కొత్తదానికి కట్టుకున్నారు. మీకెట్టా తెలుసంటారా, అవతలి కొస పట్టుకుంది మా వంశం, మాకు తెలీక ఎవరికి తెలుసుద్ది? ఇంతా చేసి మనమేం చేశాం? ఒక్క నీలం పోగు వద్దని బిడ్డని తెల్లకుచ్చులతో పంపిన తల్లికి తిరునాళ్ళ తిరునాళ్ళకీ నీలం చీర చుట్టి, పల్లకీ ఎక్కించి తిప్పుతున్నాం. పోయినేడు చీరకి రంగేసింది నేనే. ఆమె ఏమీ అనలా, కట్టుకుంది. మంచి రంగే వేశాలే.