శెట్టిగారి బాల్కనీ

"తాతయ్యా, నా ఇంటి స్లాబు పనిలో ఎవరైనా రాడ్లు తొక్కితే అంత కోపమేంటి నీకు?"

కోపం కాదురా నాన్నా, భయం. నర్సాపురంలో బట్టల కొట్టు శెట్టిగారని ఉండేవారు. ఆయన మేడకి నేనే మేస్త్రిని. మీ నాన్న అప్పటికి పుట్టలేదు... కాదు కాదు, పాకుతున్నాడు. సిమెంటు పర్మిట్ మీద ఇచ్చే రోజులులే. వీధి వైపు బాల్కనీ, కింద స్తంభాల్లేవు. అలాంటిదానికి రాడ్లు పైభాగంలో ఉండాలి. కిందికి దిగాయా, ఉన్నా లేనట్టే.

నేను పైనే కట్టానురా. కాంక్రీటు వేస్తుంటే మబ్బు కమ్మింది. వానొస్తుందని కూలీలు రాడ్లు తొక్కుకుంటూ పరుగులు. రాడ్లు అణిగిపోవడం చూశాను. చూసి కూడా... కలిపిన మాలు పాడవుతుందని ఊరుకున్నాను.

కింద ఆనించిన చెక్కలు తీశాక బాల్కనీ నిలబడింది. శెట్టిగారు నాకు పంచెలు పెట్టారు కూడానూ.

రెండు నెలలకి కబురొచ్చింది. శెట్టిగారి అమ్మగారికి చూపు లేదు. రోజూ మధ్యాహ్నం "మేడ మీద ఎవరో మెటికలు విరుస్తున్నారే" అంటారట. పైన ఎవరూ ఉండరు. శాంతి కూడా చేయించారు.

వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం, వీధిలో పురుగు లేదు. ఆ మామ్మగారు గుమ్మంలో నా చెయ్యి పట్టుకున్నారు. "విను నాయనా."

టిక్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టిక్. కాంక్రీటు లోపల్నించిరా, పగులుతోంది!

బాల్కనీ కింద అరుగు మీద మామ్మగారి కోడలు లేసు అల్లుకుంటోంది, ఒళ్ళో పిల్ల. చెబితే నా తప్పు బయటపడుతుంది.

"నీ చెయ్యి చల్లబడిపోయిందేంటి నాయనా?" అన్నారు మామ్మగారు.

అంతే, అరిచాను. "అమ్మా, లోపలికి రండి! పిల్లని తీసుకుని రండి!"

ఆవిడ పిల్లని ఎత్తుకుని గడప దాటింది. దారపుండ జారి అరుగు మీదే ఉండిపోయింది. తీసుకుందామని వెనక్కి తిరగబోతే జబ్బ పట్టి లాగాను. బాల్కనీ మొత్తం తలుపు వాలినట్టు వాలిపోయింది. దుమ్ము తగ్గేసరికి, ఆవిడ చేతిలోంచి దారం తిన్నగా ఆ శిథిలాల కిందికి పోతోంది.

చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన శెట్టిగారితో అన్నాను, "తప్పు నాదండి. రాడ్లు దిగిపోవడం ఆ రోజే చూశానండి." ఆయన నా వంక చూడలేదు. మామ్మగారే తడుముకుంటూ వచ్చి, "ఇప్పటికైనా చెప్పావు. ఇంటికెళ్ళి అన్నం తిను" అన్నారు.

తినలేదనుకో...

నీ ఇల్లు గట్టిగా నిలవాలి నాన్నా. ఆ నీడలో నీ పిల్లలు నిర్భయంగా ఆడుకోవాలి. అంతే నాక్కావలసింది, ఆయ్...