ఆకులు రాని ఆర్కిడ్

బ్రెజిల్ కొండల దిగువన మొర్రేతెస్ కాలేజీలో, మొక్కల ల్యాబ్‌లో అక్క మైక్రోస్కోపు ముందు కూర్చుంది. తమ్ముడు కుండీ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

"చచ్చిపోయిందని చెప్పెయ్యి అక్కా, తట్టుకుంటాను. నాన్న పోయేముందు జాబుతికాబా చెట్టు మీంచి తీసి నా చేతికిచ్చిన ఆర్కిడ్ ఇది. ఇన్నాళ్లయినా ఒక్క ఆకు వెయ్యలేదు."

"ఆగరా ఎవాల్డో. విరిగిన వేరు ముక్క ఒకటి పల్చగా కోసిపెట్టాను. ముందు ఈ స్లైడు చూడు. నీ మొక్కకి చుట్టమే, కాకపోతే ఆకులున్న జాతి."

"ఆకు లోపలంతా పచ్చగా ఉంది."

"మరి వేరు?"

"తెల్లగా, స్పాంజిలా ఉంది. నీళ్లు పీల్చుకోడానికేగా?"

"అవును. ఇప్పుడు నీ మొక్క వేరు చూడు."

"ఇదేంటే! తెల్లపొర పైన కొంచెమే ఉంది. లోపలంతా ఆ ఆకులాగే పచ్చగా ఉంది. స్లైడు మార్చేశావా?"

"మార్చలేదురా, అది వేరు ముక్కే. ఈ జాతికి ఆకులు పెరగవు. ఎండ తాగి తిండి వండుకునే పని కూడా వేళ్లదే."

"అంటే బతికే ఉందా?"

"నిక్షేపంలా ఉంది. వేళ్లకి వెలుతురు తగిలితే చాలు."

తమ్ముడు కుండీలోని మట్టిని వేలితో కెలికాడు.

"ఏమైందిరా?"

"చలికి తట్టుకోలేదేమోనని మొన్న వేళ్లన్నీ మట్టితో కప్పేశాను."

"నీ ప్రేమ తగలెయ్యా! తినే నోరే మూసేశావు కదరా. ఇలా తే."

"వద్దులే, నేనే తీస్తాను. నువ్వా కిటికీ తెరువు."