సూర్యుడి సద్దు

తిరుపతిలో ఒక వంటింటి గుమ్మంలో, ఎమ్మెస్సీ చదివే కూతురు విసుగ్గా నిలబడింది.

"ఆ మిక్సీ ఆపుమా. ప్రాజెక్టుకని మిద్దె మీద పెట్టిన ఏరియల్లో సూర్యుడి రేడియో అలల సద్దు పోయి, నీ చట్నీ సద్దే వినబడతా ఉండాది."

"చట్నీ లేకుంటే మీ నాయనకి ఇడ్లీ దిగుతుందా?"

"నిన్న సూర్యుడి మీద పేలుడు పట్టుకున్నాననుకుంటినే, అదీ మిక్సీనే. వచ్చే వారం ప్రాజెక్టు ఇయ్యాల. ఏమని ఇచ్చేది?"

నిన్న ఆ పిల్ల సంబరంగా పరిగెత్తుకొచ్చి తనను వాటేసుకున్న సంగతి గుర్తొచ్చి, తల్లి స్విచ్చి ఆపేసింది. అందరూ తినడానికి కూర్చున్నాక, వడ్డిస్తూ చెప్పింది.

"పాప ప్రాజెక్టు అయ్యేదాకా ఈ ఇంట్లో చట్నీ రోట్లోనే."

"మనం ఆపితే సాలదుమా. పక్కింటోళ్ళ మిక్సీ కూడా వినబడతాది."

"వాళ్ళకీ నేనే నూరి ఇస్తాలే. తిను."