ఇనప పిడికిలి రాసిన అభిప్రాయం

మేనేజరు నాలుగింటికి ఒక్కరినే రమ్మన్నాడు. అందరూ వస్తే మాట్లాడనన్నాడు. మూడున్నరకి మేమంతా అట్టపెట్టెల ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా టీ కొట్టు బల్లల మీద కూర్చుని, ఆ ఒక్కరు ఎవరో తేలక ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నాం.

పొద్దుటినుంచి మిషన్లు ఆపేశాం. పని తొందరగా కావాలని, అట్టలు కోసే బ్లేడుకి అడ్డంగా ఉండే ఇనప జాలీ పీకేయించారు. సోమవారం మా మేస్త్రి మరదలికి రెండు వేళ్ళు పోయాయి. జాలీ మళ్ళీ బిగిస్తేగానీ లోపలికి రామన్నాం. ఆ మాట అందరం కలిసి అన్నాం. అదే మాట మేనేజరు ఎదురుగా కూర్చుని అనమంటే మాత్రం ఎవరికీ నోరు పెగల్లేదు. కిందటేడు అలా వెళ్ళి మాట్లాడినవాడు వారం తిరక్కుండా పని పోయి ఇంట్లో కూర్చున్నాడు మరి.

అప్పుడు మా ఫోర్క్‌లిఫ్టు డ్రైవరు గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"మేనేజరంటే అంత వణుకెందుకు మేస్త్రన్నా? నేను దేశాన్నే నడిపినవాణ్ణి. నవ్వకండి, ముందు వినండి. కంప్యూటర్లో ఒక ఆట ఉంది. గెంతడాలు, కాల్చుకోడాలు ఏమీ ఉండవు. నీ చేతికో దేశం ఇచ్చి, ఇదిగో, ఏలుకో అంటారు. పన్నులు, ఆసుపత్రులు, సైన్యం, పొరుగు దేశాలతో మంతనాలు, అన్నీ నీ నెత్తినే. మా బావమరిది పెట్టిచ్చాడు. నాకు దొరికిన దేశం ఎలాంటిదనుకున్నారు? రోజుకి పదహారు గంటలు కరెంటు ఉండదు. నేను కూర్చున్నాను, గ్లాసులో టీ చల్లారేలోపు కరెంటు తెప్పించాను. పెద్ద గొప్పేం కాదులెండి."

"ఎలా తెప్పించావేంటి?" అన్నాడు టీ కొట్టు బాబాయి.

"కరెంటు మంత్రి ఇంటికి మాత్రమే కోత పెట్టాను బాబాయ్! గంటలో ఊళ్ళన్నీ వెలిగిపోయాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఆట ఆడినవాళ్ళు తమ అభిప్రాయం రాసుకునే చోటు ఒకటుంది. వెళ్ళి చూద్దును కదా, అంతా ఏడుపే! పన్ను ఇసుమంత పెంచితే మంత్రివర్గం మొత్తం రాజీనామా చేసిందని ఒకడు, అక్షరాలు చీమల్లా ఉన్నాయి, దేశం ఏలాలంటే ముందు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలని ఒకడు, ఇది ఆట కాదురా నాయనా పరీక్ష అని ఇంకొకడు. ఒకాయనైతే పాపం, ఆరేళ్ళుగా ఆడుతున్నాను, రోజూ తిట్టుకుంటున్నాను, రేపూ ఆడతాను అని రాసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇనప పిడికిలి అన్న పేరు పెట్టుకుని ఒక్క ముక్క రాశాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వ్యవహారం, ఏలడం రాక ఆటని అంటారేం అని. రాసి చెయ్యి తీశానో లేదో, మూడు లక్షలమంది ఔనన్నారు."

"మూడు లక్షలే?" అంది జిగురు సెక్షన్లో పనిచేసే అక్క.

"సాయంత్రానికి లెక్క. మర్నాటికి ఎంతయిందో నేను చూసుకోలేదక్కా."

కొందరు నవ్వబోయారు. ఇంతలో వాచ్‌మన్ తాత గేటు సందులోంచి తల బయటపెట్టాడు. చేతిలో కాగితం, పెన్ను. "ఇంకో ఇరవై నిమిషాలు. ఎవరొస్తున్నారో పేరు రాసుకు రమ్మన్నారు." నవ్వులు ఆగిపోయాయి. పై అంతస్తులో మేనేజరు గది కిటికీ తెర కొంచెం కదిలింది. పేరు కాగితం మీదకెక్కితే ఏమవుతుందో అందరికీ తెలుసు. మేస్త్రి తల దించుకుని తన చేతులే చూసుకుంటున్నాడు. స్టోరు చూసే అమ్మాయి బల్ల చివర, ఒళ్ళో సంచీ పెట్టుకుని ఫోను చూసుకుంటోంది. పొద్దుటినుంచి ఆమె నాలుగు మాటలు మాట్లాడి ఉండదు.

డ్రైవరు గొంతు పెంచాడు.

"కాగితానికే ఇలాగైతే, నా సరిహద్దు మీదకి రెండు వేల ట్యాంకులొచ్చినప్పుడు నా పరిస్థితి ఏమిటంటారు? నాకున్నవి రెండు. ఒకదాంట్లో డీజిలు లేదు. మా సేనాపతి వచ్చి, అయ్యా పారిపోదాం, మూటలు కట్టేశాను అన్నాడు. ఉండవయ్యా అన్నాను. పొరుగు సైన్యం సరిహద్దు అవతల భోజనాలకి కూర్చుంది. కంచెకి ఈ చివరో ఫోర్క్‌లిఫ్టు, ఆ చివరో ఫోర్క్‌లిఫ్టు పెట్టించాను. చప్పుడు కాకుండా కంచె మొత్తం పైకెత్తి, వాళ్ళ తలల మీదుగా తీసుకెళ్ళి, వాళ్ళ వెనకాల దింపించాను. తిని చెయ్యి కడుక్కునేసరికి రెండు వేల ట్యాంకులూ మన దేశంలో ఉన్నాయి. మన దేశంలో ఉన్నవి ఎవరివి? మనవి!"

"మరి సైనికులు?" అన్నారెవరో.

"వాళ్ళకీ ఓటు హక్కిచ్చేశాను. అందుకేగా ఆ ఎన్నికల్లో నాకు నూటనాలుగు శాతం వచ్చింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆట తయారుచేసినవాళ్ళే ఫోన్ చేశారు. బాబ్బాబు, మీరిలా గెలుస్తూ పోతే మిగతావాళ్ళకి దేశాలు మిగలవు, ఒక్కసారి ఓడిపోండి అని ఒకటే బతిమాలడం. కుదరదన్నాను. అది ఆ నోటా ఈ నోటా పడి, ఆటలో కాదు, నిజం దేశం ఒకదాని అధ్యక్షుడు నాకు ఫోన్ చేశాడు. ఏ దేశమో చెప్పకూడదు, మాటిచ్చాను. బల్ల కిందనుంచి మాట్లాడుతున్నాడు పాపం. బయట జనం తలుపులు బాదుతున్నారు, నాకిక్కడికి వినపడుతోంది. ఎదురుగా ఎర్ర మీట. దాని మీద సేనాపతి వేలు. ఇనప పిడికిలి గారూ, నొక్కమందునా, మానమందునా? అన్నాడు. నేనప్పుడు మన గోడౌన్లోనే, నాలుగు వరసల పెట్టెలు ఎత్తి పట్టుకుని ఉన్నాను. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఫోను. లేచి తలుపు తియ్యవయ్యా అన్నాను. వాళ్ళేం అడుగుతున్నారో విను. విని, ఔనను."

"అన్నాడా?" అన్నాడు మేస్త్రి. అది సరదాకి అడిగిన గొంతు కాదు.

డ్రైవరు ఒక్క క్షణం తడబడ్డాడు. "అన్నాడు మేస్త్రన్నా. సేనాపతి వేలు తీసేశాడు."

వేలు అన్న మాటకి అందరి కళ్ళూ మేస్త్రి వైపు తిరిగాయి. అది భరించలేక డ్రైవరు ఇంకా పైకెక్కేశాడు. నలభైమంది అధ్యక్షుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని రాజీ చేశాడట. ఒక దీవి మునిగిపోతోందంటే సముద్రానికి నోటీసిచ్చాడట, అది మైలు దూరం వెనక్కి జరిగిందట. "సముద్రమే నా మాట విందయ్యా. ఈ మేనేజరెంత?"

మేస్త్రి లేచి నిలబడ్డాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "సరే. నువ్వే వెళ్ళు. తాతా, ఇతని పేరు రాసుకో."

వాచ్‌మన్ తాత పెన్ను మూత తీశాడు. డ్రైవరు గ్లాసు కోసం చెయ్యి చాపితే అది తగిలి కింద పడింది.

"ఒక్క నిమిషం" అంది స్టోరు అమ్మాయి. "ఇనప పిడికిలి అంటే మీరేనా అన్నయ్యా? మీ అభిప్రాయం ఇదిగో, ఇందులో ఉంది. ఎవరేం రాసినా, వాళ్ళెంతసేపు ఆడారో పక్కన దానంతటదే పడుతుంది. మీరు ఆడింది పద్నాలుగు నిమిషాలు."

ఆమె చదివింది. "'ఈ ఆట ఎవరూ ఆడకండి. ఏం నొక్కినా జనం వినరు. కరెంటు ఇస్తే నీళ్ళంటారు. పనివాళ్ళ తరఫున ఎవడో వచ్చి ఏదో అడిగాడు, ఏం చెప్పాలో తెలియక మూసేశాను.' ఔనన్నవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరిలో నేనొకదాన్ని."

మామూలు రోజైతే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం. ఆ రోజు టీ కొట్టు బాబాయి కూడా నవ్వలేదు.

"ఇలాంటి విషయంలో కూడా గొప్పలేనా?" అన్నాడు మేస్త్రి.

"ఎవరూ కదలడం లేదు కదా మేస్త్రన్నా" అన్నాడు డ్రైవరు, నేల చూస్తూ. "నేను వెళ్తానంటే మీకు నమ్మకం కుదరాలిగా. ఉన్నదున్నట్టు చెబితే నన్నెవరు పంపుతారు?"

స్టోరు అమ్మాయి ఫోను సంచీలో వేసి, అందులోంచి మడతపెట్టిన చీటీ తీసింది. జాలీ విప్పించి స్టోర్లో పడేయమని రాసిన చీటీ. అడుగున మేనేజరు సంతకం. "ఇది సోమవారంనుంచి నా దగ్గరే ఉంది. తియ్యడానికి భయమేసింది. ఆ ఆట నేను ఆరువందల గంటలు ఆడాను. పదకొండుసార్లు గద్దె దింపేశారు, ఒక్కసారీ గెలవలేదు. దిగిపోతే ఎలా ఉంటుందో మాత్రం తెలుసు. నా పేరు రాసుకో తాతా."

"నేనూ వస్తాను. నోరు విప్పను" అన్నాడు డ్రైవరు.

"ఒక్కరే అన్నారు" గొణిగాడు తాత.

"ఇద్దరం కలిస్తే ఒకరి ధైర్యమే అవుతుందని చెప్పు" అని, ఆమె డ్రైవరు వైపు తిరిగింది. "రండి. కానీ పద్నాలుగు నిమిషాల్లో లేచి వచ్చేయకూడదు."

గేటు మూసుకుంది. మేం కిటికీ వంకే చూస్తూ కూర్చున్నాం. ఎవరికీ టీ సహించలేదు. నాలుగున్నరయింది. అయిదయింది. అయిదుంపావుకి కటింగు హాల్లోంచి ఇనుము మీద సుత్తి దెబ్బలు వినిపించాయి. మేస్త్రి చెవి అటు పెట్టి విన్నాడు. "జాలీ" అన్నాడు. అని మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

కాసేపటికి ఇద్దరూ బయటికొచ్చారు. డ్రైవరు చొక్కా చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"ఏం మాట్లాడావురా?" అన్నాడు టీ కొట్టు బాబాయి.

"ఏమీ మాట్లాడలేదు బాబాయ్. అంతా ఈ అమ్మాయే. మేనేజరు చీటీ ఇలా ఇవ్వమన్నాడు, ఇవ్వలేదు. మూడుసార్లు తలుపు చూపించాడు. నేను మాత్రం కుర్చీలోంచి లేవలేదు."

"లేవకపోవడం కాదు అన్నయ్యా" అంది స్టోరు అమ్మాయి. "రెండుసార్లు లేవబోయారు. కాళ్ళు సహకరించలేదు."