మా చెల్లి తన మీద వేసుకున్న తప్పు

అందరికీ నమస్కారం.

ఆదివారం పొద్దున ఏడింటికి ఈ పనిముట్ల షెడ్డుకి రావడం మీకు కొత్త కాదు. పన్నెండేళ్ళుగా వస్తున్నారు. ఇవాళ తాళం తీసే మనిషి లేదు, అంతే తేడా. తొమ్మిది రోజుల క్రితం ఆస్పత్రిలో మా చెల్లి గుండె ఆగిపోయింది. నేను తన పెద్దక్కని. మాట్లాడటం అలవాటు లేనిదాన్ని, ఓపిక పట్టండి.

మీరంటే నాకు అసూయ. ముందే చెప్పేస్తున్నాను. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. అయినా తన నోట 'మా వాళ్ళు' అంటే నేను కాదు, మీరు. 'మా వాళ్ళ చేతి తొడుగులు చిరిగిపోయాయే అక్కా.' 'మా వాళ్ళలో ఒకాయనకి మోకాలు పట్టేసిందే అక్కా.' నాకూ రెండు మోకాళ్ళున్నాయే తల్లీ అంటే నవ్వేసేది. నేను తనొక్కదానికే అక్కలా బతికాను. తను ఈ అభయారణ్యంలో కాలిబాటలు బాగుచేసే డెబ్బై మందికి 'దూరమక్క'. ఒళ్ళు మండదా, మీరే చెప్పండి?

ఆ పేరెందుకొచ్చిందో మా బంధువులకి తెలియదు. కాలిబాట మీద పని మొదలుపెట్టే ముందు ఎవరి పనిముట్టు వాళ్ళు పట్టుకుని, చెయ్యి చాచి, ఉన్నచోటే ఒక చుట్టు తిరగాలి. దాని కొన ఎవరికీ తగలకూడదు. దగ్గరికొస్తే 'దూరం!' అని తన కేక. ఆ చుట్టులోకి రావాలంటే 'వస్తున్నా' అని ముందు పిలవాలి. అవతలి మనిషి పనిముట్టు నేలకి దించి 'రా' అనాలి. అప్పుడే అడుగు వెయ్యాలి.

ఒకసారి గాలి ఎక్కువగా ఉందని ముప్ఫై మందిని గేటు దగ్గరే వెనక్కి పంపేసింది. బాట మీదికి ఎండు కొమ్మలు వేలాడుతున్నాయంది. ప్లంబరు గారికి కోపమొచ్చింది. 'మేమేమన్నా పంచదార బొమ్మలమా?' అన్నారట. 'మీరు కాదు, ఆ సంగతి కొమ్మకి తెలియాలిగా' అందట ఇది. ఆ రోజు ఒక్క పుల్ల కూడా రాలలేదు. తర్వాతి ఆదివారమంతా ఆయన ఎగతాళి చేస్తూనే ఉన్నారట. 'రాలకపోవడమేగా మనకి కావాల్సింది' అని ఇంట్లో అన్నం కలుపుకుంటూ నాతో చెప్పి నవ్వింది మా చెల్లి. గుర్తుందా, ప్లంబరు గారూ?

ఇప్పుడు అసలు మాట.

మూడేళ్ళ క్రితం, నాకంటే ఎక్కువైంది ఇక్కడేముందో చూద్దామని, ఒక్క ఆదివారం నేనూ వచ్చాను. వాలు మలుపులో వాననీరు పోవడానికి బాటకి అడ్డంగా కాలువ తవ్వుతున్నారు. మీరంతా మలుపు అవతల. తను ఇటు వీపు పెట్టి గుద్దలి వేస్తోంది. నియమం నాకూ చెప్పింది. కానీ పిలవడం పరాయివాళ్ళకి కదా? సొంత అక్కని, నేనూ పిలవాలా? పిలవలేదు. నేరుగా వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

అప్పటికే గుద్దలి పైకి లేచింది. నా అడుగు విని, దాన్ని పక్కకి తిప్పేసింది. నాకు గీత కూడా పడలేదు. ఆ విసురుకి తన భుజం కీలు జారింది.

మీరు పరుగెత్తుకొచ్చారు. 'నేనే చూసుకోలేదు' అంది. రేంజరు గారు ప్రమాదాల రిజిస్టరులో అదే రాశారు. నియమం ప్రకారం మూడు నెలలు తనని జట్టు నడపనివ్వలేదు. పన్నెండేళ్ళలో ఆ ఒక్క ప్రమాదమే, అదీ తన పేరు మీద. నేను తన నీళ్ళ సీసా పట్టుకుని పక్కనే నిలబడ్డాను. నోరు విప్పలేదు. ఇంటికొచ్చాక ఎందుకలా చెప్పావని అడిగితే, 'నీ పేరు రాస్తే నిన్ను మళ్ళీ రానివ్వరక్కా' అంది.

నేను మళ్ళీ రాలేదు.

ఆ మూడు నెలలూ నేను చాలా సంతోషంగా ఉన్నాను. దాని జడ నేనే వేశాను, అన్నం నేనే కలిపి పెట్టాను. పన్నెండేళ్ళలో ఆదివారాలు నావైనది అప్పుడే. మీరు పళ్ళు పట్టుకుని గుమ్మం దాకా వస్తే, పడుకుందని చెప్పి పంపేశాను. అది పడుకోలేదు. లోపల కూర్చుని మీ గొంతులు వింటోంది.

దేవుడికి రోజూ చెప్పుకుంటూనే ఉన్నాను. ఆయన దగ్గర చెప్పడం తేలిక. ఎదురుగా మీ మొహాలుంటేనే కష్టం.

రేంజరు గారూ, ఆ రిజిస్టరు తీయించండి. పిలవకుండా వచ్చింది పెద్దక్క అని రాయండి. నేను సంతకం పెట్టి వెళతాను. మా చెల్లి పేరు మీద ఏ తప్పూ ఉండకూడదు.

ఇక లేవండి. పనిముట్లు దించాక, టీ తాగే వేళ, 'ఇంక దూరమెందుకు, దగ్గరికి జరగండి' అనేదట. ఇవాళ మన చేతుల్లో ఏమీ లేవు. దగ్గరికి జరగండి. నాకూ కాస్త చోటివ్వండి. రెండు నిమిషాలు తనని తలుచుకుని మౌనంగా నిలబడదాం.

ఈసారి పిలిచే వస్తున్నాను.

వస్తున్నా.